పన్ను కట్టనన్న కీటా

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దలు మన్నించాలి, అందరి పేర్లూ చదివితే నాకిచ్చిన ఇరవై నిమిషాలూ అక్కడే అయిపోతాయి. ఓటర్ల దినోత్సవం కదా, జపాన్ ఎన్నికల గురించి చెప్పమన్నారు.

అక్కడ మొదటి పార్లమెంటు ఎన్నికలు 1890 జులై 1న జరిగాయి. 25 ఏళ్లు నిండి, ఏడాదికి కనీసం 15 యెన్‌ల పన్ను కట్టే మగవాళ్లకే ఓటు. అంటే జనాభాలో నూటికి ఒక్కరు. ఆ ఒక్కరూ బ్యాలెట్ మీద తన పేరు రాసి ముద్ర వేయాలి. ఎవరికి వేశాడో దాచుకునే వీల్లేదు. 1900లో రహస్య ఓటు వచ్చింది, పన్ను పరిమితి 10 యెన్‌లకు, 1919లో 3 యెన్‌లకు దిగింది. 1925లో పన్ను షరతే పోయింది. అదే ఏడు శాంతి పరిరక్షణ చట్టం తెచ్చి కమ్యూనిస్టుల నోరు నొక్కారు.

ఇంకా సన్నటి వివరాలు రాసుకొచ్చాను గానీ, వాటిని పక్కన పెడతాను. మగవాళ్లకే అన్నాను చూశారా, అసలు మాట అక్కడుంది.

కోచి పట్టణంలో కుసునోసె కీటా అని ఒకావిడ. భర్త పోయాడు, ఇంటి యజమాని ఆవిడే, పన్ను కట్టేదీ ఆవిడే. 1878లో స్థానిక ఎన్నికల్లో ఓటు వేయబోతే ఆడదానివి, కుదరదన్నారు. ఓటు లేనప్పుడు పన్నెందుకు కట్టాలని ఆపేసింది. జిల్లా అధికారులు కాదంటే హోం శాఖ దాకా అర్జీ పెట్టింది. 1880లో కోచిలోని కామిమాచిలో ఇంటి యజమానులైన ఆడవాళ్లకు ఓటు వచ్చింది. 1880లో, అమ్మా! నాలుగేళ్లకే ప్రభుత్వం చట్టం మార్చి లాగేసుకుంది.

ఈ హాల్లో ఆడపిల్లలు ఒక్కసారి చేతులెత్తండి. ఇంతమందా! 1890 నుంచి 1922 దాకా జపాన్‌లో మీరు రాజకీయ సభలో ఇలా కూర్చోవడమే నేరం. మహిళా హక్కుల కోసం పోరాడిన హిరత్సుక రైచో, ఇచికావా ఫుసయె సంతకాలు సేకరించి, పార్లమెంటు సభ్యుల గడప గడపా తిరిగితే ఆ నిషేధం పోయింది.

ఇంత జరిగాక, జపాన్ ఆడవాళ్లకు ఓటు అమెరికా ఆక్రమణ సైన్యాధిపతి మెకార్థర్ ఇచ్చాడని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. నాకు ఒళ్లు మండుతుంది. యుద్ధం ఓడిన పదిరోజులకే, 1945 ఆగస్టు 25న, ఇచికావా మహిళా సంఘం కట్టి ఓటు అడిగింది. మెకార్థర్ ఆదేశం అక్టోబర్ 11న వచ్చింది. ఆ ముందురోజే జపాన్ మంత్రివర్గం ఆడవాళ్ల ఓటుకు ఒప్పుకుంది. ఆక్రమణ సైన్యం లేకుంటే అంత త్వరగా అయ్యేదని నేననను. అడిగినవాళ్లను చెరిపేయొద్దంటున్నాను. 1946 ఏప్రిల్ 10న జరిగిన పార్లమెంటు ఎన్నికల్లో 39 మంది మహిళలు గెలిచారు. కీటా 1920లోనే పోయింది.

గంట కొట్టారు, ముగిస్తాను. చరిత్ర చెప్పే మాస్టార్లకు ఒకటే మనవి: ఓటు ఎవరిచ్చారని ప్రశ్న వేయకండి, ఎవరడిగారని వేయండి.