చిన్న గ్రాంట్‌కు దరఖాస్తు: ఒక హెక్టారు ఉమ్మడి భూమికి బడ్జెట్ లెక్క

నమస్కారం. బీడుపడిన ఉమ్మడి భూమిలో మళ్లీ చెట్లు పెంచాలని మీ సంఘం అనుకుంది, అందుకు చిన్న గ్రాంట్ అడగబోతోంది. దరఖాస్తులో వేయాల్సిన లెక్కలు ఈ వీడియోలో చూద్దాం. ఒక హెక్టారు తీసుకుందాం.

ముందు, డబ్బిచ్చే వాళ్ల సంగతి. ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం (యూఎన్‌డీపీ) నడిపే జెఫ్ స్మాల్ గ్రాంట్స్ ప్రోగ్రామ్ 1992 నుంచి ఉంది. జెఫ్ అంటే గ్లోబల్ ఎన్విరాన్‌మెంట్ ఫెసిలిటీ, పర్యావరణ పనులకు డబ్బిచ్చే అంతర్జాతీయ నిధి. వ్యక్తులకు ఇవ్వరు, స్థానిక సంఘాలకు, స్వచ్ఛంద సంస్థలకే ఇస్తారు. చాలా ఏళ్లు గరిష్ఠ పరిమితి 50 వేల డాలర్లుగా ఉండేది. ఇప్పుడెంతో, మీ దేశంలో దరఖాస్తులు ఎప్పుడు తీసుకుంటారో తాజా ప్రకటనలో చూసుకోండి. ఎంపిక చేసేది జాతీయ స్టీరింగ్ కమిటీ, అందులో ప్రభుత్వేతరులే ఎక్కువ. ప్రతిపాదనను స్థానిక భాషలో, వీడియోగా కూడా తీసుకునే పద్ధతి ఈ కార్యక్రమంలో ఉంది. మీ సంఘంలో రాయడం కష్టమైతే, ఆ వీలుందా అని మొహమాటపడకుండా అడగండి.

ఇక భూమిలోకి వెళ్దాం. మొక్కలు ఎన్ని కావాలో లెక్కపెట్టే ముందు నేల చూడండి. పాత మోడుల నుంచి చిగుళ్లు వస్తున్నాయా? వాటంతట అవే మొలిచిన మొక్కలు ఉన్నాయా? అవి దండిగా ఉంటే నాటడానికి డబ్బు అడగొద్దు, కంచెకూ కాపలాకూ అడగండి. వేరు ముందే పాతుకుని ఉన్న మొక్కకు ఖర్చు తక్కువ, బతుకు గట్టి.

నాటక తప్పదంటే, 3 మీటర్లకొక మొక్క చొప్పున రెండు వైపులా లెక్క వేయండి. 10,000 చదరపు మీటర్లను 9తో భాగిస్తే 1,111. మనం 1,100 అనుకుందాం. నాలుగో వంతు చచ్చిపోతాయని ముందే వేసుకోండి, అంటే ఖాళీలు పూడ్చడానికి ఇంకో 275. నర్సరీకి చెప్పాల్సింది 1,375 మొక్కలు. గుంత 45 సెంటీమీటర్ల పొడవు, అంతే వెడల్పు, అంతే లోతు అయితే, 1,100 గుంతలకు తవ్వే మట్టి దాదాపు 100 ఘనపు మీటర్లు. కూలి ఎంతవుతుందో ఊహించి రాయకండి. మీ నేలలోనే పది గుంతలు తవ్వించి, ఎంతసేపు పట్టిందో రాసుకోండి. రాతినేలకూ ఇసుకనేలకూ పొంతనే ఉండదు.

బడ్జెట్లు బోల్తా పడేది నీళ్ల దగ్గర. మొక్కకు తడికి 10 లీటర్లంటే, ఒక్కో తడికి 11,000 లీటర్లు. 5,000 లీటర్ల ట్యాంకరైతే మూడు ట్రిప్పులు. ఎండాకాలంలో వారానికొకటి చొప్పున 16 తడులు ఇస్తే 48 ట్రిప్పులు. చాలా దరఖాస్తుల్లో మొక్కల ధర, నాటే కూలి ఉంటాయి, ఈ 48 ట్రిప్పులు ఉండవు. ఆ మొక్కలు మొదటి వేసవి దాటవు.

కంచె సంగతి. హెక్టారు చతురస్రంగా ఉంటే చుట్టుకొలత 400 మీటర్లు, 3 మీటర్లకొకటి పాతితే 134 స్తంభాలు. కానీ పశువులు మేపుకునేవాళ్లకు వేరే చోటు చూపించకపోతే కంచె నిలవదు. వాళ్లు కూడా కూర్చున్న సమావేశంలో తీర్మానం రాసి, సంతకాలతో జత చేయండి. భూమి ఎవరిదో వాళ్ల రాతపూర్వక అనుమతి కూడా అంతే ముఖ్యం.

తేదీలు తొలి వాన నుంచి వెనక్కి లెక్కపెట్టండి. మంజూరుకు నెలలు పడుతుంది, నర్సరీలో మొక్క పెరగడానికి నెలలు పడుతుంది. గుంతలు వానకు ముందే సిద్ధంగా ఉండాలి. డబ్బు వానాకాలం చివర్లో చేతికొస్తే హడావిడిగా నాటొద్దు. వేరు లోతుకు దిగే సమయం ఉండదు. గడువు మార్చమని రాతపూర్వకంగా అడగండి. ఒప్పందం మీద సంతకం కాకముందు పెట్టిన ఖర్చు సాధారణంగా తిరిగి ఇవ్వరు, అది గుర్తుంచుకోండి.

సంఘం వాటా శ్రమ రూపంలో చూపించవచ్చు. మస్టర్‌లో, అంటే పనికి వచ్చినవాళ్ల హాజరు పట్టీలో, తేదీ, పేరు, పని, గంటలు, సంతకం ఉండాలి. విలువ స్థానిక కూలి రేటుకే కట్టండి, పెంచి రాస్తే తనిఖీలో మొత్తం లెక్క మీదే అనుమానం వస్తుంది.

చివరిగా కొలత. నాటకముందే 10 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పుతో ఐదు గళ్లు గుర్తించి, మూలలకు మేకులు కొట్టండి. ఒక్కో గడిలో సుమారు 11 గుంతలు వస్తాయి. ప్రతి గుంతకూ నంబరు వేయండి. ఏడాది తర్వాత బతికినవాటినే కాదు, ఖాళీ గుంతల్నీ లెక్కపెట్టాలి. ఖాళీలు వదిలేస్తే కనపడిన ప్రతి మొక్కా బతికిందే కాబట్టి నూటికి నూరు శాతం వస్తుంది, ఆ అంకెను ఎవరూ నమ్మరు. ఫొటోలకు ఒక కొయ్య పాతి, అదే ఎత్తు నుంచి, అదే దిక్కుకు, ప్రతి ఏడాదీ అదే నెలలో తీయండి.

డబ్బు విడతలుగా వస్తుంది. ఆఖరి విడత తుది నివేదిక ఆమోదం పొందాకే ఇచ్చే సంస్థలు చాలా ఉన్నాయి. ఆ మధ్య నెలల్లో కాపలాదారు జీతం, ట్యాంకర్ బిల్లు ఏ ఖాతా నుంచి కడతారో సంఘం సమావేశంలో ముందే తేల్చుకుని, మినిట్స్‌లో రాసి పెట్టుకోండి.