నోటి ఆరోగ్యం పాఠం: హైస్కూలు విద్యార్థులకు పాచిని రంగుతో చూపించే పద్ధతి

నమస్కారం. ఎనిమిది, తొమ్మిది, పది తరగతులకు జీవశాస్త్రం బోధించే ఉపాధ్యాయుల కోసం ఈ వీడియో చేస్తున్నాను. నోటి ఆరోగ్యాన్ని 45 నిమిషాల ఒక్క పీరియడ్‌లో ఎలా బోధించవచ్చో చూద్దాం. రోజుకు రెండుసార్లు పళ్లు తోముకోవాలన్న మాట ఈ పిల్లలకు ఒకటో తరగతి నుంచీ కంఠతా వచ్చు కనుక, దాన్నే మళ్లీ బోర్డు మీద రాయించడం వల్ల ఒరిగేదేమీ లేదు. వారు ఎప్పుడూ చూడనిది తమ పళ్ల మీదే ఉన్న పాచి. దాన్ని వారి కంటికి వారే చూసుకునేలా చేయడమే ఈ పాఠం ఉద్దేశం.

కావలసిన సామగ్రి తెర మీద ఉంది: గుడ్డు పెంకులు, వెనిగర్, రంగు, ఇయర్ బడ్స్, కొబ్బరి నూనె, కాగితపు గ్లాసులు, చిన్న చేతి అద్దాలు. అద్దానికి బదులు ఫోన్ ముందు కెమెరా వాడితే వెలుతురు, స్పష్టత రెండూ మెరుగ్గా ఉంటాయి. అయినా నేను అద్దాన్నే ఎంచుకుంటాను, ఎందుకంటే ఫోన్‌లో ఒకసారి తీసిన ఫొటో తరగతి దాటి ఎక్కడికైనా వెళ్లిపోగలదు.

పంటి నిర్మాణాన్ని త్వరగా ముగిద్దాం. ఈ బొమ్మ మీ పాఠ్యపుస్తకంలోనే ఉంటుంది. కుంతకాలు, రదనికలు, అగ్రచర్వణకాలు, చర్వణకాలు. 12, 13 ఏళ్లకు రెండో చర్వణకాలు కూడా వచ్చి చాలామందికి 28 పళ్లు ఉంటాయి, జ్ఞానదంతాలు తర్వాత వస్తాయి. ఒక్క విషయం మాత్రం నొక్కి చెప్పండి: పంటి పైపొర అయిన ఎనామిల్ మన శరీరంలో అన్నిటికంటే గట్టి పదార్థమే అయినా, దానిలో జీవకణాలు లేవు కనుక ఒకసారి గుంత పడితే అది తిరిగి పెరగదు. విరిగిన ఎముక అతుక్కున్నట్టు పుచ్చిన పన్ను పూడదు.

ఇప్పుడు గుడ్డు పెంకు. వెనిగర్‌లో వేయగానే బుడగలు వస్తున్నాయి, చూడండి. పెంకు కాల్షియం కార్బొనేట్, ఎనామిల్ కాల్షియం ఫాస్ఫేట్ జాతికి చెందిన ఖనిజం. రెండూ ఒకటి కావని పిల్లలకు తప్పక చెప్పండి. ఆమ్లం కాల్షియం లవణాన్ని కరిగిస్తుందన్నంత వరకే ఈ ప్రయోగాన్ని వాడండి. పెంకుకు సగం వరకు పేస్టు పూసి, పూసిన భాగం కరగలేదని చూపించే ప్రయోగం చాలా చోట్ల కనిపిస్తుంది కానీ, దాన్ని నేను సిఫారసు చేయను. మందంగా పూసిన ఏ పదార్థమైనా కాసేపు ఆమ్లాన్ని అడ్డుకోగలదు కనుక, అది పేస్టులో కలిపే ఫ్లోరైడ్ గురించి ఏమీ నిరూపించదు.

నోట్లో ఆ ఆమ్లం ఎక్కడి నుంచి వస్తుంది? పాచిలోని స్ట్రెప్టోకాకస్ మ్యూటాన్స్ వంటి బాక్టీరియా చక్కెరను లాక్టిక్ ఆమ్లంగా మారుస్తుంది. పీహెచ్ (ఆమ్లత్వాన్ని తెలిపే అంకె, అది తగ్గేకొద్దీ ఆమ్లత్వం ఎక్కువ) 5.5 కంటే తగ్గితే దంతక్షయం మొదలవుతుందని పదో తరగతి భౌతిక రసాయన శాస్త్రంలో ఆమ్లాలు, క్షారాలు పాఠంలో వస్తుంది కనుక, దాన్ని ఇక్కడ గుర్తుచేయండి. బోర్డు మీద ఈ వక్రరేఖ గీయండి. దీన్ని 1940లలో చూపించిన పరిశోధకుడి పేరుతో స్టెఫాన్ వక్రరేఖ అంటారు. తీపి తిన్న కొద్ది నిమిషాల్లోనే పీహెచ్ 5.5 కిందికి పడిపోయి, లాలాజలం పనిచేసిన తర్వాత దాదాపు అరగంట నుంచి గంటలోపు మళ్లీ పైకి వస్తుంది. ఇప్పుడు నిన్న పొద్దున లేచినప్పటి నుంచి పడుకునే వరకు ఏయే వేళల్లో టీ, బిస్కెట్, చాక్లెట్, చిక్కీ తిన్నారో ఎవరి నోటుపుస్తకంలో వారిని రాయమనండి. ప్రతిసారికీ వక్రరేఖలో ఒక గుంట గీస్తే, ఎంత తిన్నామన్న దానికంటే ఎన్నిసార్లు తిన్నామన్నదే ముఖ్యమని వారికే అర్థమవుతుంది. బెల్లం మంచిదే కదా అని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. బెల్లంలోనూ అధిక భాగం సుక్రోజే, అంటే చక్కెరలో ఉన్నదే. బాక్టీరియాకు ఆ తేడా తెలియదు.

ఇక అసలు దశకు వద్దాం. ఇక్కడ తొందరపడకండి, ఎందుకంటే ఎక్కువ తరగతుల్లో పాఠం చెడేది ఇక్కడే.

దంతవైద్య సామగ్రి దుకాణాల్లో ఎరిత్రోసిన్ అనే రంగుతో చేసిన ద్రావణం, బిళ్లలు దొరుకుతాయి. అవి దొరకని ఊళ్లో చిక్కటి బీట్‌రూట్ రసం వాడవచ్చు కానీ, దాని రంగు పలుచగా పడుతుంది, త్వరగా పోతుంది. ఏది వాడినా ముందురోజే తల్లిదండ్రులకు చీటీ పంపి, రంగులు పడనివారు ఎవరైనా ఉన్నారేమో కనుక్కోండి. ఇష్టం లేని విద్యార్థిని బలవంతం చేయవద్దు. అద్దం పట్టుకోవడం, సమయం చూడడం వంటి పనులు వారికి అప్పగించవచ్చు.

మొదట పెదవులకు కొబ్బరి నూనె రాయించండి, లేకపోతే సాయంత్రం వరకు పెదవులు ఎర్రగానే ఉంటాయి. యూనిఫాం మీద పాత తువ్వాలు కప్పించండి. ఇయర్ బడ్‌ను ద్రావణంలో ముంచి, పంటి మధ్యలో కాకుండా, పన్ను చిగురును తాకే అంచు వెంబడి అద్దించండి. ఇప్పుడు నీళ్లతో ఒక్కసారి, మెల్లగా పుక్కిలించమనండి. మళ్లీ చెబుతున్నాను, ఒక్కసారే. రెండు మూడుసార్లు గట్టిగా పుక్కిలిస్తే, ముఖ్యంగా బీట్‌రూట్ వాడినప్పుడు, పాచికి పట్టిన రంగు కూడా కొట్టుకుపోయి, తమ పళ్లు శుభ్రంగా ఉన్నాయని పిల్లలు పొరబడతారు. అసలు పుక్కిలించకపోతే నోరంతా ఎర్రబడి ఏదీ తేలదు. ఇక్కడ వీడియో ఆపి ఈ రెండు ఫొటోలను పోల్చి చూడండి: ఎడమవైపు రంగు అంతటా పరుచుకుంది, కుడివైపు చిగురు అంచున, పళ్ల సందుల్లో మాత్రమే నిలిచింది. మనకు కావలసింది కుడివైపుది.

ఎవరి నోరు వారే చూసుకోవాలి. పక్కవారి నోట్లోకి తొంగిచూడకూడదన్న నియమం ముందే పెట్టండి. తెర మీది పటంలాంటిది ఒకటి ప్రతి ఒక్కరికీ ఇచ్చి, రంగు నిలిచిన చోట పెన్సిల్‌తో నింపించండి. ఆ కాగితాలను మీరు వెనక్కి తీసుకోవద్దు, మార్కులు అసలే వేయవద్దు.

నల్గొండ, ప్రకాశం వంటి జిల్లాల్లో బోధించేవారు రంగు తీయకముందే ఒక మాట చెప్పాలి. తాగునీటిలో ఫ్లోరైడ్ ఎక్కువైన చోట పెరిగిన పిల్లల పళ్లపై సున్నపు గీతలు, గోధుమరంగు మచ్చలు ఉండవచ్చు. పన్ను దవడలో తయారవుతున్న వయసులో ఏర్పడిన ఆ మచ్చ పాచి కాదు, అశుభ్రత అంతకన్నా కాదు, ఎంత తోమినా పోదు. ఇలా ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే జబ్బును ఫ్లోరోసిస్ అంటారు. మన దేశంలో దాన్ని మొదట నివేదించింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలోనే. నీటిలో ఫ్లోరైడ్‌కు ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన పరిమితి లీటరుకు 1.5 మిల్లీగ్రాములు. ఫ్లోరైడ్ అంత చెడ్డదైతే పేస్టులో ఎందుకు కలుపుతారని చురుకైన విద్యార్థి అడుగుతాడు, అడగాలి కూడా. మచ్చలు వచ్చేది పళ్లు తయారయ్యే చిన్న వయసులో మింగిన ఫ్లోరైడ్ వల్ల. పేస్టులోనిది పంటి ఉపరితలం మీద పనిచేసి ఉమ్ముతో బయటికి పోతుంది. మన దేశంలో పేస్టులో ఫ్లోరైడ్ 1000 పీపీఎం (పది లక్షల భాగాల్లో 1000 భాగాలు) మించకూడదు. ఖాళీ పేస్టు ట్యూబులు తెప్పించి, ఆ అంకెను పిల్లలతోనే వెతికించండి.

తోమే పద్ధతికి వచ్చాం. బ్రష్‌ను చిగురు వైపు 45 డిగ్రీల వాలుగా పట్టుకుని, చిన్న చిన్న కదలికలతో రెండు నిమిషాలు. మీకు తెలిసినదే కనుక వేగంగా చూపిస్తున్నాను. వీలుంటే కుళాయి దగ్గర అందరితో తోమించి, రంగు ఎక్కడ మిగిలిందో మళ్లీ అద్దంలో చూడమనండి. ఎక్కువగా మిగిలేది కింది పళ్ల లోపలి వైపునే. ఇళ్లలో బొగ్గు, ఇటుకపొడి వాడేవారుంటే ఎగతాళి చేయకుండా, గరుకు పొడులు ఎనామిల్‌ను అరగదీస్తాయని చెప్పండి చాలు.

ఈ వయసులో తప్పించుకోకూడని మరో విషయం పొగాకు, వక్క. పొగాకు లేని పాన్ మసాలా హానిచేయదని పిల్లలు నమ్ముతారు. వక్క వల్లనే నోటి లోపలి పొర గట్టిపడి, క్రమంగా నోరు తెరుచుకోవడం కష్టమవుతుంది. మూడు వేళ్లు నిలువుగా నోట్లో పడుతున్నాయా అని ఎవరికి వారు చూసుకోవచ్చు. ఉత్తరాంధ్ర తీర గ్రామాల్లో, చుట్ట వెలిగించిన కొసను నోట్లో పెట్టుకుని పీల్చే అడ్డపొగ అలవాటు, అంగిలిలో వచ్చే పుండ్లకు, క్యాన్సర్‌కు కారణమవుతోందని వైద్యులు దశాబ్దాల నుంచి నమోదు చేస్తున్నారు. అక్కడి పిల్లలకు ఇది తమ నాయనమ్మ, అమ్మమ్మల విషయం కావచ్చు కనుక మాట జాగ్రత్తగా ఎంచుకోండి. రెండు వారాలు దాటినా మానని పుండు ఉంటే ఆసుపత్రిలో చూపించమని ఇంట్లో చెప్పమనండి. 2003 నాటి చట్టం ప్రకారం విద్యాసంస్థలకు 100 గజాల లోపల పొగాకు అమ్మకూడదు. ఆ దూరాన్ని టేపుతో కొలవడం గణితం ఉపాధ్యాయుడితో కలిసి చేయదగిన పని.

చివరగా, ఆటల్లో ఊడిన పన్ను. శాశ్వత పన్ను వేరుతో సహా ఊడితే, తెల్లని భాగాన్ని మాత్రమే పట్టుకోవాలి, వేరును రుద్దకూడదు. మట్టి అంటితే నీళ్లతో క్షణకాలం కడిగి, వీలైతే అదే గుంతలో కూర్చోబెట్టాలి. లేదంటే పాలలో వేసి అరగంటలో, ఆలస్యమైనా గంటలోపు, దంతవైద్యుని దగ్గరికి చేర్చాలి. ఈ మూడు వాక్యాలను కాగితం మీద రాసి వ్యాయామ ఉపాధ్యాయుడి గదిలో అంటించండి. పంటి నొప్పి ఉందని చెప్పిన పిల్లల పేర్లు మాత్రం విడిగా రాసిపెట్టుకుని, పిల్లలకు ఆరోగ్య పరీక్షలు చేసే ప్రభుత్వ పథకమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందం పాఠశాలకు వచ్చినప్పుడు వారిని ముందుగా చూపించండి.