ఘాట్ దిగేటప్పుడు తెలిసే బండి

(ఒడిశాలోని జయపురంలో జరిగిన తెలుగువారి ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)

సభాధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, అక్కచెల్లెళ్లకు, అన్నదమ్ములకు, చోటు చాలక వెనక నిలబడి ఉన్న కుర్రవాళ్లందరికీ నా నమస్కారాలు. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఏటా లక్ష రూపాయలు విరాళమిచ్చిన విక్రమదేవ వర్మ మహారాజు గారు ఏలిన ఊరు ఇది. ఆయనను తలచుకోకుండా ఇక్కడి తెలుగు సభలో మాట మొదలుపెట్టడం మన అలవాటు కాదు కనుక ముందుగా ఆయనకు నమస్కరిస్తున్నాను. నాకు ముందు మాట్లాడినవారు పద్యాలు చదివారు, పంచాంగం చెప్పారు. నాకు తెలిసింది మోటారు బండి ఒక్కటే. దాని గురించే చెబుతాను.

ముప్పై ఒక్క సంవత్సరాలు ఐటీఐలో మోటారు మెకానిక్ పిల్లలకు పాఠం చెప్పాను. పదవీ విరమణ తరువాత మా ఇంటికి వారానికి ఒక్కరైనా వచ్చి అడిగే ప్రశ్న ఒకటుంది. "మాస్టారూ, ఎనిమిది లక్షలు సర్దుకున్నాను, మంచి పికప్ ఉన్న స్పోర్టీ బండి ఏది కొనమంటారు?" దీనికి మూడు భాగాలుగా జవాబు చెప్పాలని కాగితం మీద రాసుకొచ్చాను. ఏ బండి కొనాలి, కొత్తదా పాతదా, కాగితాలు ఎలా చూసుకోవాలి. వీలైనంతవరకు ఆ వరుసలోనే వెళతాను.

మొదట ఒక మాట. ఈ కోరికను తక్కువ చేసి మాట్లాడే పెద్దలతో నేను ఏకీభవించను. "కారు అంటే ఇంటిల్లిపాదీ కూర్చోవడానికి, నీకు పికప్ ఎందుకురా" అని కుర్రవాడి నోరు మూయించడం న్యాయం కాదు. 1993లో మారుతి జెన్ వచ్చినప్పుడు దాని ఇంజను వెయ్యి సీసీకి లోపే, శక్తి యాభై హార్స్‌పవరే. అయినా కొరాపుట్ ఘాట్‌లో దాన్ని నడిపినవారు ఇవాళ్టికీ ఆ బండిని తలచుకుంటారు. ఎందుకంటే దాని బరువు ఎనిమిది వందల కిలోలకు లోపు. 2005లో స్విఫ్ట్ వచ్చింది, ఎనభై ఏడు హార్స్‌పవర్‌తో, వెయ్యి కిలోల పైచిలుకు బరువుతో. మలుపులో స్టీరింగు తిప్పితే ముందు చక్రాలు ఏం చేస్తున్నాయో అరచేతికి తెలిసేది. స్పోర్టీ బండి అంటే నా లెక్కలో అదే. వెనక అద్దం పైన రెక్క, ఎర్ర కుట్టు సీట్లు, గట్టిగా మోగే సైలెన్సరు అవేవీ కాదు.

కాబట్టి షోరూంలో హార్స్‌పవర్ ఎంత అని ఒక్కటే అడగకండి. బరువు ఎంత అని కూడా అడగండి. హార్స్‌పవర్‌ను బరువుతో భాగించి చూడండి, ఎంత ఎక్కువ వస్తే బండి అంత చురుకు. మూడోది, టార్క్ అంటే ఇంజను తిప్పే బలం, ఎన్ని ఆర్‌పీఎం దగ్గర, అంటే ఇంజను నిమిషానికి ఎన్ని చుట్లు తిరిగేటప్పుడు అందుతుందో అడగండి. మన ప్రాంతం వారికి ఈ మూడో ప్రశ్న అన్నింటికన్నా ముఖ్యం. కొరాపుట్ సముద్ర మట్టానికి సుమారు 870 మీటర్ల ఎత్తున ఉంది. ఎత్తుకు వెళ్లేకొద్దీ గాలి పలచబడుతుంది. టర్బో లేని ఇంజను ప్రతి వంద మీటర్లకు దాదాపు ఒక శాతం శక్తి కోల్పోతుంది. విశాఖ సముద్రతీరంలో నడిపి చూసి ముచ్చటపడ్డ బండి, నలుగురు ఎక్కి ఏసీ వేసుకుని సాలూరు నుంచి ఇటు వచ్చే సుంకి ఘాట్ ఎక్కేసరికి బరువుగా తోచడానికి కారణం ఇదే. టర్బో ఉన్న ఇంజను గాలిని కుదించి లోపలికి పంపిస్తుంది కనుక ఆ లోటును చాలావరకు పూడ్చుకుంటుంది.

కొత్త బండి కొనగలిగినవారికి ఇప్పుడు కాలం కలిసివచ్చింది. 2025 సెప్టెంబర్ 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి తగ్గింది. పొడవు నాలుగు మీటర్లకు మించకుండా, పెట్రోలు ఇంజను 1200 సీసీకి మించకుండా ఉంటే ఆ తక్కువ పన్నే పడుతుంది. చిన్న టర్బో బండ్లు ఈ కొలతల్లోనే ఇమిడిపోతాయి. 2021లో వచ్చిన హ్యుందాయ్ ఐ20 ఎన్ లైన్‌లో ఒక లీటరు టర్బో ఇంజను, 120 హార్స్‌పవర్, 172 న్యూటన్ మీటర్ల టార్క్ ఉన్నాయి. ఆ టార్క్ 1500 ఆర్‌పీఎం నుంచే అందుతుంది. అంటే హెయిర్‌పిన్ మలుపులో వేగం పడిపోయినా ఇంజను ఊపిరి ఆడక నిలబడదు. 2024 జూన్‌లో టాటా ఆల్ట్రోజ్ రేసర్ దాదాపు అంతే శక్తితో, ఆరు గేర్లతో, తొమ్మిదిన్నర లక్షల షోరూం ధరతో వచ్చింది. మారుతి ఫ్రాంక్స్ టర్బోది వంద హార్స్‌పవర్. అయితే షోరూం ధర వేరు, పన్ను, బీమా కలిపిన ఆన్‌రోడ్ ధర వేరు. చేతిలో ఎనిమిది లక్షలే ఉన్నవారు అప్పు పెంచుకుని ఈ బండ్ల వెంట పడవద్దని నా సలహా. అటువంటివారు సెకండ్ హ్యాండ్ వైపు చూస్తారు. చూడటంలో తప్పు లేదు. ఆరు లక్షలకు మూడు నాలుగేళ్ల బండి కొని, మిగిలిన రెండు లక్షల్లో టైర్లు, బ్రేకులు, సస్పెన్షన్ బుష్షులు, బీమా, రోడ్డు పన్ను చూసుకుంటే, తొమ్మిది లక్షల కొత్త బండికన్నా బాగా నడిచే బండి మీ చేతికి వస్తుంది.

ఇక్కడ నేను ఆ మిగిలిన రెండు లక్షల గురించే మాట్లాడాలి. రాసుకొచ్చిన వరుస కాస్త మారుతుంది, మన్నించండి. ఇది చెప్పడానికే ఈ సభకు వచ్చాను.

ఎనిమిదేళ్ల కిందట మా మేనల్లుడు ఒక బండి చూశాడు. తీరం వైపు ఒక నగరంలో ఒక బ్రోకరు దగ్గర ఉంది. ముద్దొచ్చే హ్యాచ్‌బ్యాక్. నేల మీదికి వంగి కనిపించేలా స్ప్రింగులు కోయించారు, పెద్ద అల్లాయ్ చక్రాలు వేయించారు. "మావయ్యా, నువ్వు వచ్చి చూస్తేనే కొంటాను" అన్నాడు. వెళ్లాను. బానెట్ ఎత్తాను, ఇంజను శబ్దం విన్నాను, ఆయిల్ డిప్‌స్టిక్ తీసి చూశాను, సముద్రం పక్కన చదును రోడ్డు మీద నడిపాను. పికప్ నిజంగా అద్భుతంగా ఉంది. "ఇంజను బంగారంలా ఉంది, తీసుకోరా" అన్నాను. ఆ మాట అన్నది నేనే. వాడు నా మాట మీద డబ్బు కట్టాడు. కాగితాల సంగతి, ముఖ్యంగా బండిని వేరే రాష్ట్రానికి తెచ్చుకోవడానికి అక్కడి ఆర్టీవో ఇచ్చే నిరభ్యంతర పత్రం ఎన్‌ఓసీ సంగతి, అడిగితే బ్రోకరు "ఎన్‌ఓసీ వారం రోజుల్లో పంపిస్తాను, బండి తీసుకెళ్లండి" అన్నాడు. తీసుకువచ్చాం.

ఇరవై రెండో రోజున మా అక్కను సింహాచలం దర్శనానికి తీసుకువెళుతున్నాం. మేనల్లుడు నడుపుతున్నాడు, నేను పక్కన, అక్క వెనక సీటులో. సుంకి దాటి సాలూరు వైపు దిగుతున్నాం. వాడు నాలుగో గేరులోనే ఉంచి, మలుపు మలుపుకూ బ్రేకు తొక్కుతున్నాడు. మాడిన వాసన వచ్చింది. ముందు లారీది అనుకున్నాను. రెండు మలుపుల తరువాత బ్రేక్ పెడల్ మెత్తబడి నేలకు తగిలింది. వాడు హ్యాండ్ బ్రేకు లాగి బండిని కొండ వైపు చరియకు రాయించి ఆపాడు. ఆ సమయస్ఫూర్తి లేకపోతే ఎడమ పక్క లోయే. మా ఇద్దరికీ గీతలు పడలేదు. అక్కకు తుంటి విరిగింది.

తరువాత బండిని మా పెరట్లోకి తెప్పించి నా చేతులతో విప్పాను. బ్రేక్ ఆయిల్ కాఫీ డికాషన్‌లా నల్లగా ఉంది. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 అనే రకం కొత్త బ్రేక్ ఆయిల్ కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. తేమ పట్టిన తరువాత ఆ హద్దు 155 డిగ్రీల దాకా పడిపోవచ్చు. ఘాట్‌లో వేడెక్కిన బ్రేకుల దగ్గర అది మరిగి ఆవిరి బుడగలు కడుతుంది. ఆయిల్ కుదించుకుపోదు, ఆవిరి కుదించుకుపోతుంది. అందుకే పెడల్ నేలకు దిగుతుంది. ఇది నేను ముప్పై ఏళ్లపాటు వందల మంది పిల్లలకు బోర్డు మీద బొమ్మ వేసి చెప్పిన పాఠం. ఆ ఆయిల్ డబ్బా మూత బానెట్ కిందే, నా చేతికి జానెడు దూరంలోనే ఉంది. ఆ రోజు ఇంజను శబ్దం వింటూ నిలబడ్డానే గాని ఆ మూత తీయలేదు. టైరు పక్క గోడ మీద డాట్ (DOT) అని మొదలయ్యే అక్షరాల వరుస చివర నాలుగంకెలుంటాయి. మొదటి రెండు వారాన్ని, చివరి రెండు సంవత్సరాన్ని చెబుతాయి. ఆ బండి టైర్లు తొమ్మిదేళ్ల కిందటివి. పైన గాడులు లోతుగానే ఉన్నాయి, రబ్బరు మాత్రం చెక్కలా గట్టిపడి ఉంది. ఆ అంకెలూ నేను చదవలేదు.

బాబూ, వెనక నిలబడ్డ కుర్రవాళ్లారా, బీమా సంగతి కూడా వినండి. బండి చేతులు మారిన 14 రోజుల్లోగా పాలసీని తన పేరుకు మార్చమని కొన్నవారు దరఖాస్తు పెట్టుకోవాలి. మాకు ఇరవై రెండు రోజులైంది. పాలసీ పాత యజమాని పేరునే ఉంది. బండి నష్టానికి పైసా రాలేదు. పాత యజమాని నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిము చేయనందుకు ప్రీమియంలో వచ్చే తగ్గింపు కూడా బండితో రాదని, అది మనిషికి చెందినదని అప్పుడే మావాడికి తెలిసింది. స్ప్రింగులు కోయించడం మరో చిక్కు. తయారీదారు నిర్దేశించిన దానికి విరుద్ధంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే ఖరారు చేసింది. పెరట్లో కదలకుండా నిలబడ్డ ఆ బండికి మా మేనల్లుడు మూడేళ్లు నెలనెలా వాయిదాలు కట్టాడు. ఎన్‌ఓసీ పంపిస్తానన్న ఆ బ్రోకరు మళ్లీ ఫోను ఎత్తలేదు.

మనం సరిహద్దులో ఉన్నవాళ్లం కనుక ఈ మోసం మనకే ఎక్కువ జరుగుతుంది. ఏపీ నంబరు బండి చవకగా దొరుకుతుందని సాలూరు దిగి తెచ్చుకుంటాం. పన్నెండు నెలలకు మించి ఇక్కడ ఉంచితే ఒడిశా వారి ఓడీ నంబరు వేయించుకోవాలి, ఇక్కడి పన్ను కట్టాలి. కాబట్టి ఆ పన్నును బండి ధరలోనే కలిపి బేరం ఆడండి. అక్కడి ఆర్టీవో ఇచ్చిన ఫారం 28 అంటే ఆ ఎన్‌ఓసీ, బండిని మీ పేరుకు మార్చడానికి అమ్మినవారు సంతకం పెట్టిన 29, 30, అప్పు ఉంటే తీరినట్టు బ్యాంకు ఇచ్చే 35 ఇవన్నీ చేతికి అందిన తరువాతే మొత్తం డబ్బు ఇవ్వండి. అప్పటిదాకా కొంతైనా ఆపి ఉంచండి. మొహమాటపడకండి.

సర్వీసు కేంద్రం ఎంత దూరంలో ఉందో కూడా చూడండి. ఫోర్డ్ 2021లో మన దేశంలో తయారీ ఆపుతున్నట్టు ప్రకటించింది. వోక్స్‌వ్యాగన్ పోలో 2022లో ఆగిపోయింది. అవి నడపడానికి ఎంత బాగున్నా, ఒక చిన్న సెన్సారు కోసం ఇక్కడి నుంచి రెండు వందల కిలోమీటర్లు విశాఖకు వెళ్లిరావలసి వస్తే ఆ ఖర్చు ఎవరి లెక్కలోనూ ముందు ఉండదు.

అధ్యక్షుల వారు గడియారం చూస్తున్నారు. సాలూరు లారీ డ్రైవర్ల నోట చిన్నప్పుడు విన్న మాట ఒకటి చెప్పి విరమిస్తాను. ఏ గేరులో ఎక్కితే ఆ గేరులోనే దిగు అంటారు వాళ్లు. చిన్న గేరులో దిగితే ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది, బ్రేకులు మా మేనల్లుడి బండిలోలా వేడెక్కవు. 120 హార్స్‌పవర్ బండికైనా, పది టన్నుల లారీకైనా ఆ మాట ఒకటే.

మా అక్క ఈ సభకు రాలేదు. ఈ హాలు మేడ మీద ఉంది, ఆమె మెట్లు ఎక్కలేదు. వచ్చే ఆదివారం ఉదయం ఏడు గంటలకు మా ఇంటి ముందు ఉంటాను. బండి కొనబోయేవారు, కొని తెచ్చుకున్నవారు ఎవరైనా రండి. బ్రేక్ ఆయిల్ మూత ముందుగా నేనే తీస్తాను. మీరు చేయవలసిందల్లా నాలుగు టైర్ల మీది నాలుగంకెలు, వీలైతే స్టెప్నీవి కూడా, ఒక కాగితం మీద రాసి తీసుకురావడమే. వెనక సీటులో రోజూ ఎవరు కూర్చుంటారో వారిని కూడా వెంట తీసుకురండి.