పద్నాలుగో కుర్చీ దగ్గర పడ్డ పీటముడి

అందరికీ నమస్కారం.

1946లో చైనాలో చియాంగ్ కై షేక్ నడిపే కొమింటాంగ్ (జాతీయవాద పార్టీ) ప్రభుత్వానికీ, మావో కమ్యూనిస్టులకూ మధ్య అమెరికన్ జనరల్ జార్జ్ మార్షల్ నడిపిన రాయబారం గురించి ఇవాళ మాట్లాడుకుందాం. ఇద్దరికీ చిత్తశుద్ధి లేదు కాబట్టి కుదరలేదని ఈ కథను ఒక్క ముక్కలో తేల్చేస్తుంటారు. చిత్తశుద్ధిని తూచే తక్కెడ మన దగ్గర లేదు. ఒప్పంద పత్రాలు మాత్రం ఉన్నాయి. ఎక్కడ చిరిగిందో వాటిలోనే కనిపిస్తుంది.

మార్షల్ 1945 డిసెంబరు 20న షాంఘైలో దిగారు. సరిగ్గా మూడు వారాలకు, జనవరి 10న, కాల్పుల విరమణ కుదిరింది. ప్రభుత్వం తరఫున జాంగ్ చున్, కమ్యూనిస్టుల తరఫున చౌ ఎన్‌లై, నడుమ మార్షల్. దీన్నే త్రిసభ్య సంఘం అన్నారు. 13వ తేదీ అర్ధరాత్రి నుంచి అమలు.

దళాల కదలికలన్నీ ఆపాలన్నది ఆ ఉత్తర్వు. ఆ వెంటే మినహాయింపులు. సైన్యాన్ని పునర్వ్యవస్థీకరించుకోవడానికి యాంగ్జీ నదికి దక్షిణాన ప్రభుత్వ దళాలు కదలొచ్చు. చైనా సార్వభౌమాధికారాన్ని తిరిగి నెలకొల్పడానికి ఈశాన్యాన ఉన్న మంచూరియాలోకీ, మంచూరియా లోపలా కూడా కదలొచ్చు. ఏ రోజు కదలిక ఆ రోజు విరమణ అమలును చూడటానికి బీపింగ్‌లో (నేటి బీజింగ్) పెట్టిన కార్యనిర్వాహక కేంద్రానికి తెలియజేస్తే చాలు. అప్పటికి మంచూరియాలో సోవియట్ సైన్యం తిష్ఠ వేసి ఉంది కాబట్టి ఈ వాక్యం సబబుగానే కనిపించింది. కానీ అలా ‘లోపల కదిలే’ దళానికి దారిలో కమ్యూనిస్టు దళం ఎదురైతే ఏం చేయాలి? కాగితంలో జవాబు లేదు. పైగా ఆ కేంద్రం పంపే తనిఖీ బృందాలు అక్కడికి వెళ్లడానికి చియాంగ్ ఒప్పుకునేసరికి మార్చి ఆఖరైంది.

ఇక బీపింగ్ కేంద్రం పని తీరు చూడండి. ముగ్గురు కమిషనర్లు: అమెరికన్ వాల్టర్ రాబర్ట్‌సన్, ప్రభుత్వం నుంచి జెంగ్ జియెమిన్, కమ్యూనిస్టుల నుంచి యె జియాన్‌యింగ్. తలా ఒక ఓటు. ముగ్గురూ ఒప్పుకుంటేనే ఉత్తర్వు. అది కూడా చైనా అధ్యక్షుడి పేరిట, అంటే తగాదాలో ఒక పక్షమైన చియాంగ్ పేరిటే వెలువడాలి! ఊళ్లకు వెళ్లే తనిఖీ బృందాల్లోనూ ఇదే ముగ్గురి లెక్క. ఉదాహరణకు ఒక ఊరు జనవరి 12న, విరమణకు ముందే, చేతులు మారిందని ఒకరు, 14న అని ఇంకొకరు అంటే, వెళ్లి తేల్చాల్సింది ఆ బృందమే. ఒకరు కాదంటే పని ఆగినట్టే, ఈలోగా అక్కడి పరిస్థితే మారిపోతుంది. అమెరికన్‌కు నిర్ణాయక ఓటు ఇవ్వాలన్న చర్చ జూన్‌లో గట్టిగా నడిచిందంటే కారణం ఇదే.

ఫిబ్రవరి 25 నాటి సైనిక ఒప్పందం అంకెల్లో ముచ్చటగా ఉంటుంది. 12 నెలల్లో ప్రభుత్వానికి 90 డివిజన్లు, కమ్యూనిస్టులకు 18. ఆ తర్వాతి ఆరు నెలల్లో 50, 10. డివిజన్‌కు 14,000 మందికి మించకూడదు. మార్చి 11న మార్షల్ చైనాకు అమెరికా ఇచ్చే రుణం సంగతి చూడటానికి వాషింగ్టన్ వెళ్లారు. నా దృష్టిలో ఆయన చేసిన అసలు పొరపాటు ఇదే. సోవియట్ సైన్యం మంచూరియాను ఖాళీ చేస్తున్న సరిగ్గా ఆ వారాల్లో పెద్దమనిషి ఊళ్లో లేడు. ఆయన తిరిగొచ్చిన ఏప్రిల్ 18నే కమ్యూనిస్టులు మంచూరియాలోని చాంగ్‌చున్ నగరాన్ని పట్టుకున్నారు. మే 23న ప్రభుత్వ సేనలు దాన్ని లాక్కున్నాయి. జూన్ 7 నుంచి 15 రోజుల విరామం, మళ్లీ నెలాఖరు దాకా పొడిగింపు. గెలుస్తున్నవాడికి ఆగాలని ఉండదు, ఓడుతున్నవాడికి ఆగితే చాలనిపిస్తుంది. ఆ వసంతంలో రెండు పక్షాలూ ఈ రెండు స్థితులనూ చవిచూశాయి.

రాజకీయ చర్చల్లో పీటముడి మరీ విచిత్రం. జనవరిలో పార్టీలన్నీ కూర్చున్న రాజకీయ సంప్రదింపుల సమావేశం, ప్రభుత్వాన్ని నడిపే 40 మంది రాజ్య మండలికి ఒప్పుకుంది. సగం కొమింటాంగ్‌కు, సగం మిగతావాళ్లకు. అక్కడ కుదిరిన కార్యక్రమాన్ని మార్చాలంటే మూడింట రెండు వంతుల ఓట్లు, అంటే 27 కావాలి. కమ్యూనిస్టులకూ వారి మిత్రపక్షమైన ప్రజాస్వామ్య లీగ్‌కూ కలిపి 14 కుర్చీలుంటే అవతల మిగిలేవి 26, మార్పు వీగిపోతుంది. 13 ఇస్తే అవతల 27, నెగ్గుతుంది. అక్టోబరు నాటికి ప్రభుత్వం 13 దగ్గర ఆగింది. ఒక్క కుర్చీకి ఇంత రాద్ధాంతమా అనుకునేవాళ్లు ఈ కూడిక వేసి చూడలేదు.

మధ్యవర్తి చేతుల సంగతీ చెప్పాలి. జూలై ఆఖరులో మార్షల్ చియాంగ్‌కు ఆయుధాల సరఫరా ఆపించారు. ఆగస్టు 30న అదే అమెరికా తన యుద్ధ మిగులు సామగ్రిని అదే ప్రభుత్వానికి అమ్మే ఒప్పందంపై సంతకం చేసింది. అందులో ఎక్కువ భాగం ఆయుధాలు కావన్న వివరణను కమ్యూనిస్టులు పట్టించుకోలేదు. పట్టించుకుంటారని ఎలా అనుకున్నారో!

అక్టోబరులో ప్రభుత్వ సేనలు కమ్యూనిస్టుల చేతిలో ఉన్న జాంగ్‌జియాకౌ నగరంలో అడుగుపెట్టాయి. నవంబరు 15న చియాంగ్ జాతీయ అసెంబ్లీని ఏకపక్షంగా తెరిచారు. 19న చౌ ఎన్‌లై ప్రభుత్వ రాజధాని నాన్‌జింగ్ నుంచి కమ్యూనిస్టుల కేంద్రమైన యెనాన్‌కు విమానమెక్కారు. మార్షల్ 1947 జనవరి 8న చైనా విడిచారు. ఆ నెలాఖరులోనే అమెరికా త్రిసభ్య సంఘం నుంచీ బీపింగ్ కేంద్రం నుంచీ తప్పుకుంది. మార్చి 19న ప్రభుత్వ సేనలు యెనాన్‌ను ఆక్రమించాయి.