12 గుంటల పొంగణాల పెనం: నెల రోజులు వాడాక నా మాట

నమస్కారం. నెల్లూరు నుంచి మాట్లాడుతున్నాను. ఇదిగో, ఈ పోత ఇనుము పొంగణాల పెనాన్ని కంపెనీవాళ్లు ఉచితంగా పంపారు. దీని గురించి చెప్పడానికి నేను డబ్బు తీసుకోలేదు, ఏం చెప్పాలో వాళ్లు నాకు చెప్పలేదు. బరువెంత, ధరెంత అన్నవి అమ్మేచోట మీరే చూసుకోవచ్చు, వాటి జోలికి పోను. ఈ నెలలో మా ఇంటికి నాలుగుసార్లు చుట్టాలు వచ్చారు. నాలుగుసార్లూ పొయ్యి మీద ఉన్నది ఈ పెనమే. ఆ అనుభవమే చెబుతాను.

ముందుగా నడిమి గుంటల సంగతి. దీనికి చుట్టూ తొమ్మిది, నడుమ మూడు గుంటలున్నాయి. గ్యాసు మంట నేరుగా తగిలేది నడిమి మూడింటికే. పోత ఇనుములో వేడి పక్కలకు పాకడం నెమ్మది. అందుకే చుట్టాలు వచ్చిన మొదటి రోజు నడిమివి మాడిపోయాయి, చుట్టూ ఉన్నవి తెల్లగా పిండిపిండిగా మిగిలాయి. ఇంటికొచ్చినవాళ్ల ముందు పళ్లెంలో ఒకటి నల్లగా, ఒకటి తెల్లగా పెట్టాలంటే ప్రాణం ఉసూరుమంది.

అప్పుడు మా అమ్మ మాట గుర్తొచ్చింది. నా చిన్నతనంలో పెంచలకోన తిరునాళ్లలో కొన్న ఏడు గుంటల పెనం ఉండేది ఆమె దగ్గర. చుట్టూ ఆరు, మధ్యన ఒకటి. "నడిమిదానికి తొందరెక్కువే అమ్మాయ్, పక్కవాటికి బద్ధకం. బద్ధకస్తులను ముందు లేపాలి" అనేది. పిండి చుట్టూ పోసుకుంటూ వచ్చి, నడుమ ఆఖరున పోసేది. తీసేటప్పుడు నడిమిది ముందు తీసేది. నేనూ అలాగే చేశాను. ఖాళీ పెనాన్ని సన్న మంట మీద ఐదారు నిమిషాలు కాగనిచ్చి, గుంటకు నాలుగు చుక్కల నూనె వేసి, చుట్టూ తొమ్మిదింట్లో పిండి పోసి, ఒక్క నిమిషం ఆగి నడుమ పోశాను. పన్నెండూ ఒకే రంగు! ఆ రోజు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. ఇనుము ఒకసారి వేడెక్కిందంటే ఆ వేడిని వదలదు కాబట్టి, రెండో వాయి నుంచి మంట ఇంకా తగ్గించుకోండి.

ఇక నాకు కోపం తెప్పించిన విషయం. "నూనె పట్టించి సిద్ధం చేశాం, కడిగి వాడుకోండి" అని పెట్టె మీద అచ్చు వేశారు. అది నమ్మి, చుట్టాలెవరూ రాకముందు పోసిన మొట్టమొదటి వాయి గుంటలకు అతుక్కుపోయింది. గీకి గీకి తీయాల్సి వచ్చింది. చివరికి రెండు రోజులు గంజి పోసి నానబెట్టి, తోమి, తడి లేకుండా ఆరబెట్టి, నువ్వుల నూనె పలచగా పూసి పొగ వచ్చేదాకా కాచాను. అలా మూడుసార్లు చేశాక దారికొచ్చింది. నూనె ఆ వేడికి ఇనుము మీద గట్టి పొరగా మారుతుంది, పిండిని అంటుకోనివ్వనిది ఆ పొరే. కొత్తగా కాపురం పెట్టిన పిల్లలకు ఇది ఎవరు చెబుతారు? పెనం పాడైందనుకుని అటక మీద పడేస్తారు. పెట్టె మీద ఆ అచ్చు మార్చమని కంపెనీవాళ్లకు రాశాను, ఇక్కడా చెబుతున్నాను. మరో మాట, దీన్ని చింతపండుతో తోమకండి. పులుపు ఆ పొరను తినేస్తుంది.

దీనికి ముందు వాడింది పూత పూసిన పెనం. ఏడాది తిరగకముందే పూత లేచింది. పొంగణం అడుగున నల్లటి పొట్టు కనిపించిన రోజే దాన్ని తీసేశాను. ఈ ఇనుములో ఆ భయం లేదు.

ఇప్పుడు మా ఇంటి రొయ్యల పొంగణాలు. మన జిల్లాలో రొయ్యలకు కొదవ లేదు కదా. చిన్నవి పావు కిలో, నల్ల నరం తీసి కడిగి, పసుపు, ఉప్పు, అల్లం వెల్లుల్లి వేసి, వాటిలోంచి ఊరిన నీళ్లు ఇగిరేదాకా వేయించాలి. అంతకు మించితే రబ్బరు ముక్కల్లా సాగుతాయి. ఎండుమిరపకాయలు, ఉల్లిపాయ, వెల్లుల్లి, ఉప్పు కలిపి నూరిన ఎర్రకారం, అదే మనం దోసెలకు పూసేది, ఒక చెంచా అందులో కలపాలి. మూడు పాళ్లు బియ్యానికి ఒక పాలు మినప్పప్పు, కాసిని మెంతులు వేసి రుబ్బి, రాత్రంతా పులిసిన పిండి కావాలి. గుంటలో సగం పిండి, మీద రెండు రొయ్యలు, వాటిని కప్పేటట్టు మళ్లీ పిండి. అంచు గట్టిపడి గుంట నుంచి తనంతట తాను వదిలినప్పుడు తిప్పాలి. తిప్పడానికి వాళ్లిచ్చిన పుల్ల మరీ లావు, అంచు సందులో దూరదు. నేను ఉదయగిరి చెక్క చెంచా తోక వాడుతున్నాను. సన్నగా, నున్నగా ఉంటుంది, గుంటను గీరదు.

కొరికితే పైన కరకర, లోపల దూది, దాని మధ్యన ఎర్రటి కారంలో రొయ్య. పన్నెండుకీ కలిపి ఒక పెద్ద చెంచా నూనె సరిపోతుంది. బజ్జీలకైతే బాండీ నిండా నూనె పోసి, చెమటలు కక్కుతూ వంటింట్లోనే నిలబడాలి. ఇక్కడ మూత పెట్టి, ముందుగదిలోకి వెళ్లి చుట్టాలతో నాలుగు మాటలు మాట్లాడి రావచ్చు. నాకు అన్నిటికంటే నచ్చింది అదే. శాకాహారులకు రొయ్యల బదులు వేయించిన ఉల్లిపాయ, అదే కారం.

గాజు మూత తీసేటప్పుడు పక్కకు జరిపి తీయండి, లేకపోతే ఆవిరి నీళ్లు పొంగణాల మీద కారతాయి. పెనం చెవులు కాలతాయి, పట్టుకోవడానికి గుడ్డ దగ్గర పెట్టుకోండి.

కొనాలా అంటే, మనుషులు వచ్చిపోయే ఇల్లయితే తప్పకుండా కొనండి. ఇద్దరే ఉండేవాళ్లకు ఏడు గుంటలది చాలు.

నిన్న అమ్మ వచ్చి, పెనాన్ని వేలి గణుపుతో తట్టి చెవి దగ్గర పెట్టుకుంది. "ఖంగుమంటోంది, ఎక్కడా బీట లేదు, ఉంచుకో" అంది. ఉంచుకుంటున్నాను. రేపు కావలి నుంచి అత్తయ్యవాళ్లు వస్తున్నారు, మినప్పప్పు నానబోయాలి. ఉంటాను.