గట్టు మీద మా బావ

సభకు నమస్కారం.

ఇవాళ మనం తలుచుకుంటున్న ఆయనకి నాకు బంధుత్వం లేదు. కాలవల శాఖలో ఒకే సెక్షన్‌లో పనిచేశాం. నేను వర్క్ ఇనస్పెక్టర్ని, ఆయన లస్కరు. చేరిన వారానికే 'బావా' అన్నాడు, నేనూ అదే పిలుపు పిలిచాను. కాబట్టి ఇక్కడ కూర్చున్న ఆయన ఇల్లాలు నాకు చెల్లెమ్మ.

లస్కరంటే ఏం పని అని ఈ కాలం పిల్లలు అడుగుతున్నారు. ధవళేశ్వరంలో కాటన్ దొర 1847లో మొదలుపెట్టిన ఆనకట్ట 1852కి పూర్తయింది. అక్కణ్ణుంచి వదిలిన నీరు కాలవల్లోంచి, తూముల్లోంచి, పంట బోదెల్లోంచి మన చేలోకి రావాలి కదా. ఆ చివరి నాలుగు మైళ్లూ నడిపించేవాడు లస్కరు. తూము తలుపు ఎత్తాలి, దించాలి, గుర్రపు డెక్క లాగాలి, వరదొస్తే ఏటిగట్టు మీద కాపలా కాయాలి.

మా బావ గట్టు మీద చెప్పులు వేసేవాడు కాదు. ఎందుకని అడిగితే, 'చెప్పులుంటే తేమ తెలీదు బావా' అన్నాడు. 1986 ఆగస్టులో నాకా మాట అర్థమైంది. ధవళేశ్వరం దగ్గర పదిహేడూ ముప్పావు అడుగులుంటేనే మూడో హెచ్చరిక ఇస్తారు. ఆ ఏడు అది ఎప్పుడో దాటిపోయి, ముప్పై అయిదు లక్షల క్యూసెక్కుల నీరొచ్చింది. అర్ధరాత్రి, వాన. ఊరివైపు గట్టు అడుగున నడుస్తూ నడుస్తూ బావ ఆగిపోయాడు. 'ఇక్కడ చల్లగా ఉంది' అన్నాడు. లాంతరు పెట్టి చూస్తే బుంగ. పిడికిలంత కూడా లేదు, కానీ నీళ్లు బురదగా వస్తున్నాయి. నేను కంగారుపడి కన్నం మూసెయ్యమన్నాను. బావ వద్దన్నాడు. మూస్తే నీరు ఇంకోచోట పొడుచుకొస్తుంది, నీటిని పోనిచ్చి మట్టిని ఆపాలి అన్నాడు. బుంగ చుట్టూ ఇసుక బస్తాలు గూడులా పేర్పించి, లోపల ఇసుక పోయించాడు. తెల్లారేసరికి తేట నీరొచ్చింది. అప్పుడు కూర్చుని బీడీ వెలిగించాడు. ఆ వరదకి చాలాచోట్ల గండ్లు పడ్డాయి. మా గట్టు నిలిచింది.

ఇప్పుడు చెప్పబోయేది నా తప్పు. చెల్లెమ్మ ముందే చెప్పాలని వచ్చాను.

ఒక దాళ్వాలో, అంటే రెండో పంటకి, నీరు చాలక వంతులు పెట్టాం. కాలవ చివరనున్న శివారు చేలు పొట్ట మీద ఉన్నాయి, వెన్ను బయటికొచ్చే ముందు దశ, నేల నెర్రెలిచ్చింది. ఎగువ వాళ్ల వంతు రోజున బావ రాత్రిపూట శివారు తూము ఎత్తేశాడు. పొద్దున్నే నా మీదకి జనం వచ్చారు. నేను అందరి ముందూ కేకలేసి మెమో రాసిచ్చాను. 'ఇయ్యి బావా, తప్పు నాదే. ఆ చేను ఇంకో నాలుగు రోజులు ఆగదు' అని సంతకం పెట్టి తీసుకున్నాడు. ఆగదని నాకూ తెలుసు. ఆ మాట ఆ రోజు జనంతో అనలేకపోయాను. తరవాత ఎన్నేళ్లు కలిసి టీ తాగామో, ఒక్కసారైనా ఆ ఊసెత్తలేదు. ఆయనా ఎత్తలేదు. బావా, ఆ రోజు నువ్వు చేసిందే సరైన పని.

మొన్న ఈ సభకి ఫొటో కావాలంటే చెల్లెమ్మ ట్రంకుపెట్టె తీసింది. అడుగున ఆ మెమో ఉంది, నాలుగు మడతలు పెట్టి. నా చేతిరాత చూసి తల దించుకున్నాను. తిప్పి చూస్తే వెనక పెన్సిల్ రాతలు. 2006 వరదలో, రాసుకోడానికి చేతికి ఏ కాయితం దొరికిందో అదే వాడినట్టున్నాడు. గంట గంటకీ గేజి ఎంతుందో వరసగా వేసుకున్నాడు. ప్రతి అంకె పక్కనా రెండే మాటలు.

గట్టు పొడి. గట్టు పొడి. గట్టు పొడి.