ధర లేని సరుకుకు పోటీ ఎందుకు?

శ్రోతలకు నమస్కారం.

మార్టేరు వరి పరిశోధన కేంద్రం 1982లో ఇచ్చిన స్వర్ణ వంగడాన్ని మన డెల్టాలో ఏ రైతైనా దాచుకొని మళ్లీ విత్తుకోవచ్చు, పొరుగువారికీ పంచవచ్చు; అయినప్పటికీ కేళీలు (వేరే రకాల కలుపు మొక్కలు) లేని, మొలకశాతం చూసిన విత్తనాన్ని నారుమళ్ల వేళకు అందించే వ్యాపారికి గిరాకీ ఉంటూనే ఉంది. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌తో బతికే సంస్థలు అమ్ముకొనేది కూడా అలాంటి శ్రద్ధనే.

స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ అంటే, మూలకోడ్‌ను (ప్రోగ్రామర్లు రాసిన అసలు పాఠాన్ని) ఎవరైనా చదివి, మార్చి, పంచుకోగలిగిన సాఫ్ట్‌వేర్; దానికి కాపీకింత అని ధర కడితే నిలవదు. మొదట కొన్నవాడే దానిని ఊరంతా పంచవచ్చు. అందుకే 1993లో మొదలైన రెడ్ హ్యాట్ సంస్థ, కంప్యూటర్లను నడిపే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ అయిన లినక్స్‌కు ఏళ్ల తరబడి మరమ్మతులు, భద్రతా సవరణలు చేస్తామన్న హామీని వార్షిక చందాకు అమ్మింది. ఆ హామీ విలువ ఎంతటిదో 2019లో ఐబీఎం ఆ సంస్థను సుమారు 3,400 కోట్ల డాలర్లకు కొన్నప్పుడు లోకానికి తెలిసింది. డేటాబేసు (సమాచారాన్ని నిల్వచేసే సాఫ్ట్‌వేర్) తయారుచేసే మైఎస్‌క్యూఎల్ సంస్థ వేరే దారి పట్టి, స్వేచ్ఛా లైసెన్సు షరతు ప్రకారం సొంత కోడ్‌ను బయటపెట్టడం ఇష్టంలేని కంపెనీలకు మరో లైసెన్సును డబ్బుకు ఇచ్చింది.

చిక్కు ముదిరింది క్లౌడ్, అంటే ఇంటర్నెట్ మీదుగా కంప్యూటర్లను అద్దెకు ఇచ్చే పద్ధతి, వచ్చాకనే. ఒకరు ఏళ్లపాటు శ్రమించి రాసిన డేటాబేసును పెద్ద క్లౌడ్ కంపెనీ తన యంత్రాలపై నడిపి అద్దె వసూలు చేసుకొన్నా, రాసినవారికి పైసా చెల్లించనక్కరలేదు. దీనిపై కినిసి, వెతుకులాట సాఫ్ట్‌వేర్ చేసే ఎలాస్టిక్ సంస్థ 2021లో తన లైసెన్సు షరతులను బిగించగా, అమెజాన్ దాని పాత కోడ్ నుంచే ఓపెన్‌సెర్చ్ అనే కొత్త శాఖను తీసింది. 2024 మార్చిలో డేటాబేసు సంస్థ రెడిస్ కూడా లైసెన్సు మార్చగా, అదే నెలలో లినక్స్ ఫౌండేషన్ నీడన దాని పాత కోడ్ నుంచి వాల్కీ అనే శాఖ పుట్టింది. తరువాత ఎలాస్టిక్, రెడిస్ రెండూ ఏజీపీఎల్ అనే స్వేచ్ఛా లైసెన్సును చేర్చుకొన్నాయి. వారి ఫిర్యాదులో న్యాయం లేకపోలేదు; అయితే బయటివారు ఉచితంగా ఇచ్చిన సవరణలతో కూడా ఎదిగిన సరుకుకు నడుమన షరతులు మార్చడం నాకు సబబుగా తోచదు.

ఇక మన ఊళ్ల సంగతికి వస్తే, న్యూజిలాండ్‌లో పుట్టిన కోహా అనే గ్రంథాలయ సాఫ్ట్‌వేర్‌ను అమలాపురంలో ఏదైనా కళాశాల వాడదలచుకొంటే సాఫ్ట్‌వేర్‌కు ఖర్చు లేదు గాని, పుస్తకాల వివరాలు ఎక్కించడానికీ, సర్వర్ నడపడానికీ, సిబ్బందికి నేర్పడానికీ ఖర్చు తప్పదు. ఆ పని నేర్చిన స్థానిక యువకులకు అది జీవనోపాధి కాగలదు. వారి సేవ నచ్చకపోతే రాజమహేంద్రవరం నుంచి మరొకరిని పిలుచుకొనే వీలుంది కనుక రేట్లు అదుపులో ఉంటాయి. ఆ వీలు కాగితం మీదనే మిగిలిపోకుండా, నిర్వాహక పాస్‌వర్డూ, వారంవారం తీసే బ్యాకప్పూ కళాశాల చేతిలోనే ఉండాలని ఒప్పందంలో మొదటే రాయించుకోవాలి.